పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లో చదివిస్తున్నాం. ఇది విశ్వాసమా, నా మొండితనమా?

కడియం అమ్మ

అందరికీ వందనాలండి. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. ఒక చేత్తో చంటోణ్ణి జోకొడుతూ ఫోన్లో టైపు చేస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి.

మాది కడియం పక్కన ఊరు. మావారు నర్సరీ మొక్కల వ్యాను తోలతారు. హైదరాబాదు, బెంగుళూరు ట్రిప్పులు. వారంలో నాలుగు రాత్రులు ఇంట్లో ఉండరు. పెద్దోడికి తొమ్మిదేళ్ళు, పాపకి ఆరు, చంటోడికి రెండు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు.

పోయినేడాది పెద్దోణ్ణి ఒక ప్రైవేటు బళ్ళో వేశాం. పేరు ఎత్తను. రెండు నెలల ఫీజు బాకీ ఉందని పరీక్ష రోజు వాణ్ణి వరండాలో నిలబెట్టారు. అరగంటే. కానీ ఆ రాత్రి నుంచి నెల రోజులు వాడు పక్క తడిపాడు. ఏప్రిల్లో ఉపవాసం ఉండి ప్రార్థన చేసుకున్నాం. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఇంట్లో కూర్చున్నప్పుడూ దారిలో నడిచేటప్పుడూ పిల్లలకి చెప్పమని ఉంది కదా, అది నా గుండెల్లో అలా ఉండిపోయింది. జూన్లో బళ్ళు తెరిచారు. మేం పంపలేదు.

మొదటి నెల పండగలా గడిచింది. పొద్దున ఐదున్నరకి కుటుంబ ప్రార్థన, తర్వాత పాలు, తర్వాత చదువు. తెలుగు పాఠం బైబిల్లోంచే చెప్పాను. వాడికి చదవడం బాగానే వచ్చేసింది గానీ ఒక చిక్కొచ్చింది. వాళ్ళ నాన్నకి వాయిస్ మెసేజ్ పెడుతూ "నాన్నా, చెల్లి పడిపోయెను, మోకాలు చీరుకొనెను" అంటాడు. పేపర్లో గొర్రె అని ఉంటే తప్పు రాశారంటాడు, వాడికి తెలిసింది బండి ఱ గొఱ్ఱె మరి. మేం నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావట్లేదు. ఎక్కాలు ఎనిమిది దగ్గర ఆగిపోయాయి. పాప అక్షరాలు ఇంకా తిరగేసి రాస్తోంది. మధ్యాహ్నం చంటోడు నిద్రపోతే నేనూ పడుకుండిపోతున్నా.

మొన్న సంఘం కూడికలో ఒకాయన "ఏ బడమ్మా?" అనడిగితే వాడు "దేవుని బడి" అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి. ఎందుకంటే వారం రోజులుగా మేం లెక్కల పుస్తకం తెరవలేదు.

అత్తయ్యగారు ఒక మాటన్నారు. "దేవుడు నీకు పిల్లల్నిచ్చాడు సరే, బళ్ళు మాత్రం ఎవరిచ్చారే?" దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంట్లో చదివించినవాళ్ళు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి. ప్రోత్సాహం వద్దు, నిజం కావాలి.

---

ధవళేశ్వరం టైలరమ్మ

చెల్లీ, నిజం కావాలన్నావు కాబట్టి ముందు నా తప్పు చెప్తా.

మా అబ్బాయిని రెండో తరగతి నుంచి ఇంట్లోనే చదివించాను. ముందు గదిలో మిషను, ఆ పక్కనే వాడి పీట. వాడికి పదకొండేళ్ళు వచ్చాక ఒకరోజు ఫాల్సూ దారాలూ తెమ్మని రాజమండ్రి పంపాను. కొట్టాయన చిల్లర తక్కువిచ్చాడు. వీడికి తెలీలేదు. నాలుగు డజన్లకి ఇంతైతే ఒక్కటెంత పడుతుందిరా అంటే నోరు తెరుచుకుని నిలబడ్డాడు. భాగహారం రాదు. అంతకు ముందు ఆదివారమే నేను సంఘంలో లేచి "నా బిడ్డ చదువు దేవుడే చూసుకుంటున్నాడు" అని సాక్ష్యం చెప్పాను. ఆ రాత్రి మిషను ముందు కూర్చుని ఏడ్చాను.

మా అమ్మగారితో, అంటే పాస్టరు గారి భార్యతో చెప్పుకుంటే ఆవిడ ఓదార్చలేదు. "మన్నా ఎక్కడ పడిందే?" అనడిగింది. అదే, నిర్గమకాండం పదహారో అధ్యాయంలో ఎడారిలో వాళ్ళకి దేవుడు కురిపించిన ఆహారం. పాళెం చుట్టూ నేల మీద పడిందన్నాను. "గుడారంలో పడుకున్నవాళ్ళ నోట్లో పడిందా?" లేదన్నాను. "ఎండెక్కితే ఏమైంది?" కరిగిపోయిందన్నాను. "మరి నువ్వు తొమ్మిదింటికి ఎక్కడున్నావు?" అంది. తొమ్మిదింటికి నేను బ్లౌజులు కుడుతున్నా చెల్లీ. వాడు వీధిలో ఉన్నాడు.

అప్పట్నుంచి నాకు ఆ అధ్యాయం వేరేలా వినపడుతుంది. కురిపించడం ఆయన వంతు, ఏరుకోవడం మన వంతు. అదీ పొద్దున్నే, ఏ రోజుది ఆ రోజే. రేపటికని దాచుకున్నది పురుగు పట్టిందట. ఆదివారం మూడు గంటలు చెప్పేసి వారమంతా వదిలేస్తే చదువూ అంతే.

మేం మార్చింది ఒక్కటే. పొద్దున తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా మిషను మీద గుడ్డ కప్పేసేదాన్ని. పెళ్ళిళ్ళ సీజనైనా సరే. ఆ రెండున్నర గంటల్లో లెక్కలు, తెలుగు రాత, ఇంగ్లీషు. అంతకు మించి ఏమీ పెట్టుకోలేదు. నెలకి ఓ పదిహేను బ్లౌజుల కుట్టుకూలి పోయింది. మా ఇంటికి అది చిన్న డబ్బు కాదు. నన్నడిగితే ఆ రెండేళ్ళలో నేను దేవుణ్ణి నమ్మింది అక్కడే. కూలి పోతుందని తెలిసి కూడా గుడ్డ కప్పినప్పుడు.

లెక్కలు పుస్తకంతో ఎక్కలేదు వాడికి. గోదారి నేర్పింది. ఆ ఏడు నీళ్ళొచ్చాయి. మా ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75 కదా. వీడు రేడియోలో విని "అమ్మా, పదకొండు అడుగుల డెబ్బై అయిదు అంగుళాలా?" అనడిగాడు. అడుక్కి పన్నెండే అంగుళాలైతే డెబ్బై అయిదు ఎక్కణ్ణుంచి వస్తాయిరా అన్నాను. మెడలో టేపు తీసి వాడి చేతికిచ్చి అడుగులో ముప్పావు చూపించమన్నా. తొమ్మిది దగ్గర వేలు పెట్టాడు. పదకొండు అడుగుల తొమ్మిది అంగుళాలు! ఆ సాయంత్రం దశాంశాలు ఒక్కసారిగా తలకెక్కాయి. మర్నాడు నిచ్చెనేసుకుని గోడకి చాక్పీసుతో రెండు గీతలు గీసి, మూడో గీతకి ఇల్లు చాలక పైకప్పు ఎక్కబోయాడు. భద్రాచలంలో 43, 48, 53 ఎందుకు, మనకి 11 ఎందుకు అన్నాడు. ఎక్కడి సున్నా అక్కడ మొదలవుతుందని చెప్పేసరికి నాకే కొత్తగా అనిపించింది. అక్కడి నీరు మన దాకా రావడానికి రోజు అటూ ఇటూ పడుతుంది, దాంతో కాలం, దూరం లెక్కలు.

కాటన్ దొర మ్యూజియానికీ తీసుకెళ్ళాను. ఆయన మహా భక్తిపరుడు. అయినా ఆనకట్టకి 1847 నుంచి 1852 దాకా పట్టింది. ప్రార్థన చేసి ఇంట్లో కూర్చోలేదు కదా!

ఇక ముందు సంగతి. ఎన్‌ఐఓఎస్ గురించి ఇప్పుడే తెలుసుకో, బడికెళ్ళకుండా పరీక్ష రాసే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలు అది. పద్నాలుగు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. అయిదు సబ్జెక్టులు, అందులో ఒక భాషైనా ఉండాలి, తెలుగులోనే రాయొచ్చు. పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేకపోతే చదువుకున్నానని సొంత ధ్రువీకరణ ఇస్తే తీసుకుంటారు. పాసవడానికి అయిదేళ్ళలో తొమ్మిది అవకాశాలు. మావాడు లెక్కలు మొదటిసారి తప్పాడు, అక్టోబర్లో గట్టెక్కాడు. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉన్నాడు. సాక్ష్యం మళ్ళీ చెప్పలేదు నేను. ఎవరైనా అడిగితే చెప్తా.

నీ ప్రశ్నకి జవాబు నాకు తెలీదు చెల్లీ. రేపు తొమ్మిదింటికి నువ్వు ఎక్కడుంటావో అది చూసుకో.

---

లంక మాస్టారు

అమ్మా, నేను ప్రభుత్వ బడి టీచర్ని, కోనసీమలో. నేను మీ మతం కాదు, విశ్వాసం సంగతి నా వల్ల కాదు. కాగితాల సంగతి చెప్తాను.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి వర్తిస్తుంది. పదో సెక్షను ప్రకారం పిల్లల్ని దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత. చేర్చకపోతే వాళ్ళకి శిక్ష అని మాత్రం ఆ చట్టంలో లేదు. ఇంటి చదువు చేయొచ్చనీ లేదు, కూడదనీ విడిగా లేదు. కాబట్టి మిమ్మల్ని ఎవరూ జైల్లో పెట్టరు. అలాగని మీకు ఎవరూ రక్షణా కాదు. "బడి బయట పిల్లలు" అని మావాళ్ళు సర్వేకి వస్తారు, కంగారు పడకండి, దాక్కోనూ వద్దు. అక్కడ ఏం చదువుతున్నారో నోటుబుక్కులు చూపించండి. వెనక్కి రావాలనుకుంటే నాలుగో సెక్షను ఉంది, వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాల్సిందే. పాత బడి టీసీ ఇవ్వకుండా తిప్పితే అది మీ తప్పు కాదు, టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు.

ఇంకోటి, మొహమాటం లేకుండా చెప్తున్నా. రాష్ట్ర ప్రభుత్వ పథకం తల్లికి వందనం కింద ఏడాదికి ఒక్కో బిడ్డకి 15,000 రూపాయలు. అందులో 2,000 బడి నిర్వహణకి పోను 13,000 మీ ఖాతాలో పడుతుంది. మీకు బడి వయసు పిల్లలు ఇద్దరు. అంటే 26,000 వదులుకుంటున్నారు. బడికెళ్ళి హాజరు ఉంటేనే ఇస్తారు. మధ్యాహ్న భోజనం వేరే. రాష్ట్రంలో ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, మా వైపు లంకల గన్నవరంలో ఆకలన్నవాడికల్లా అన్నం పెట్టిన ఆవిడ. ఫీజు బాకీ వల్లే ఇదంతా మొదలైందంటున్నారు కదా, ఫీజు లేని బడి మీ ఊళ్ళోనే ఉండి ఉంటుంది. దాన్ని చూడకుండా ప్రైవేటు నుంచి నేరుగా ఇంటికెందుకు దూకారో నాకు అర్థం కాలేదు. మీ అత్తగారి మాట మాత్రం నా మనసుకి నచ్చింది.

పాప అక్షరాలు తిరగేసి రాయడం గురించి: ఆరేళ్ళకి చాలామంది రాస్తారు. ఇసుకలో వేలితో దిద్దించండి. ఎనిమిది దాటినా పోకపోతే అప్పుడు ఎవరికైనా చూపించొచ్చు.

---

పాస్టరుగారి రెండో అమ్మాయి

నేను ఇంట్లో చదువుకున్న పిల్లనే అక్కా. ఇప్పుడు నర్సింగ్ చేస్తున్నా. చదువు బాగానే చెప్పారు. స్నేహితులు మాత్రం సంఘంలో పిల్లలే, ఆదివారం కలిస్తే మళ్ళీ ఆదివారమే. హాస్టల్‌కి వచ్చిన మొదటి నెల ఎవరితో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

ఒకటి చెప్పాలని ఉంది. మా చిన్నప్పుడు ఒకసారి బియ్యం డబ్బా అడుగంటింది. నాన్న మోకాళ్ళేసి ప్రార్థన చేశారు. సాయంత్రానికి బియ్యం వచ్చాయి. ఈ సాక్ష్యం నాన్న చాలా చోట్ల చెప్పారు. కానీ ఆ బియ్యం తెచ్చింది పక్కింటి సాయిబుల పిన్ని. గిన్నె మీద పళ్ళెం బోర్లించి, ఎవరూ చూడకుండా పెరటి గుమ్మంలోంచి ఇచ్చింది. తలుపు తీసింది నేనే. నాన్న ఎప్పుడు చెప్పినా ఆవిడ పేరు రాలేదు. దేవుడు పంపాడని నేనూ నమ్ముతా, కానీ ఆవిడ చెయ్యి కూడా చూశాను కదా. పిల్లలు ఇంట్లో ఉంటే అన్నీ చూస్తారక్కా. మీ అబ్బాయి "దేవుని బడి" అన్నప్పుడు మీకు చెమట పట్టిందన్నారు. వాడు అదీ చూసే ఉంటాడు.

---

కడియం అమ్మ

అందరికీ వందనాలు. రెండ్రోజులు జవాబు రాయలేకపోయాను. మావారు నిన్న రాత్రి బెంగుళూరు నుంచి వచ్చారు, ఇవన్నీ ఆయనకి చదివి వినిపించా.

మాస్టారూ, ఊళ్ళో బడి ఎందుకు చూడలేదంటే ప్రైవేటులో చదివించే స్థోమత ఉందని మా వాళ్ళలో అనిపించుకోవాలని. ఫీజు కట్టలేకపోయాక సర్కారు బడికి పంపితే అందరికీ తెలిసిపోతుంది, ఇంట్లో చదివిస్తున్నామంటే గౌరవంగా ఉంటుంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తున్నా. సోమవారం హెడ్మాస్టరు గారిని కలిసి మాట్లాడదామన్నారు మావారు. చేరుస్తామని ఇంకా అనుకోలేదు. అడుగుతాం. పాపనైతే పంపుతామేమో.

చెల్లెమ్మా, నువ్వు రాసింది చదువుతుంటే మావారు కాసేపు మాట్లాడలేదు. ఫీజు బాకీలో సగం మా అత్తయ్యగారు గేదె పాలు అమ్మిన డబ్బులతో కట్టారు. మేం ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ ఆదివారం చెప్తానన్నారాయన.

టైలరక్కా, నిన్న తొమ్మిదింటికి కూర్చున్నాం, ఇవాళా కూర్చున్నాం. ఎనిమిదో ఎక్కం అయింది. అడుగూ అంగుళాలూ మొదలెడదామని ఇంట్లో టేపు తీశాను. మొదటి మూడు అంగుళాలు చంటోడు కొరికేశాడు. పెద్దోడు నాలుగు దగ్గర పెట్టి కొలిచి, వచ్చినదాంట్లోంచి నాలుగు తీసేస్తే సరిపోతుందమ్మా అన్నాడు. నాకు తట్టలేదది. అత్తయ్యగారి మంచం ఆరడుగుల రెండంగుళాలట.