గీతలు గీయకుండా ఆర్థికశాస్త్రం చెప్పాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

ప్రశ్న (విజయనగరం):
మా వీధి లైబ్రరీలో ఆరు ఆదివారాలు, గంట చొప్పున ఆర్థికశాస్త్రంలోని మూల ఆలోచనలు చెప్పాలి. వచ్చేది కిరాణా కొట్ల వాళ్లు, డిగ్రీ పిల్లలు, రిటైరైన మాస్టార్లు. డిమాండ్–సప్లై గీతలతో మొదలెడితే రెండో వారానికి సగం కుర్చీలు ఖాళీ. మరి దేంతో మొదలెట్టాలి?

జవాబు 1 (పలాస):
శ్రమ విభజనతో. 1776లో ఆడమ్ స్మిత్ చెప్పిన గుండుసూదుల కార్ఖానా ఉంది కదా: 10 మంది, దాదాపు 18 రకాల పనులు, రోజుకు 48,000 సూదులు. పని రాని మనిషి ఒంటరిగా చేస్తే 20 కూడా కావు. వెంటనే జీడిపిక్కల దగ్గరికి రండి. ఉడకబెట్టడం, కొట్టడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడు చేయడం. పని మారినప్పుడల్లా టైము పోతుందన్నాడు స్మిత్. ఇక్కడ ఇంకోటి కూడా ఉంది: కొట్టిన చేత్తోనే పొట్టు తీస్తే పిక్కలోని జీడి నూనె అంటి పప్పు మచ్చపడుతుంది.

జవాబు 2 (శ్రీకాకుళం):
రెండో వారం, ఆర్థికవేత్త రికార్డో 1817లో చెప్పిన తులనాత్మక లాభం: ఏ పని చేయడానికి ఎవరు తక్కువ వదులుకుంటారో వాళ్లకే ఆ పని. అందరూ తడబడేది ఇక్కడే. ‘ఎవరు బాగా చేస్తే వాళ్లే చేయాలి’ అనుకుంటారు. కాదు. లెక్క కోసం, అప్పలమ్మ గంటకి 4 కిలోల జీడిపిక్కలు కొడుతుంది, లేదా 4 కిలోల పొట్టు తీస్తుంది. పైడమ్మ 1 కిలో కొడుతుంది, లేదా 2 కిలోల పొట్టు తీస్తుంది. పైడమ్మ రెండిట్లోనూ వెనకే. చెరో 8 గంటలు, పనికి సగం సగం టైము ఇస్తే మొత్తం కొట్టింది 20, పొట్టు తీసింది 24. ఇప్పుడు పైడమ్మని పూర్తిగా పొట్టుకి కూర్చోబెట్టండి: 16. అప్పలమ్మ ఐదున్నర గంటలు కొట్టి, రెండున్నర గంటలు పొట్టు తీస్తే 22, 10. మొత్తం 22, 26. గంట కూడా పెరగలేదు.

కిలో పొట్టుకి అప్పలమ్మ వదులుకునేది కిలో కొట్టుడు, పైడమ్మ అరకిలోయే. పలక మీద ఆ ఒక్క వరస చాలు.

జవాబు 3 (బొబ్బిలి):
లెక్క సరే మాస్టారూ, ఆ మిగిలిన రెండేసి కిలోలు ఎవరివి? ఒప్పందం కిలో పొట్టుకి అరకిలో కొట్టుడు దగ్గర తెగితే లాభమంతా అప్పలమ్మది, కిలో దగ్గర తెగితే పైడమ్మది. ఆ మాట దాటేస్తే కొట్ల వాళ్లు వదలరు, వదలకూడదు కూడా.

మూడో వారానికి ఆర్థికవేత్త ఎకర్లాఫ్ 1970 వ్యాసం పెట్టండి, పాత కార్ల బేరం గురించి: సరుకు మంచిదో కాదో అమ్మేవాడికే తెలుసు, కొనేవాడికి తెలీదు. దాన్నే జీడిపప్పుతో చెప్పండి. లెక్క కోసం, కొనేవాడి దృష్టిలో మంచి పప్పు విలువ 900 రూపాయలు, నాసిది 600, బజార్లో రెండూ సగం సగం. కొనేవాడికి తేడా తెలీదు, సగటున 750 ఇస్తాడు. మంచి సరుకు 800కి తక్కువ రానంటుంది. ఇక బజార్లో నాసిదే మిగులుతుంది. డబ్ల్యూ320 లాంటి గ్రేడు (పౌనుకి 300–320 గుండు పలుకులు) ఆ చిక్కు విప్పడానికే. రెండు గిన్నెల్లో పప్పు మూతపెట్టి చూపించండి. గ్రేడు ముందే చెప్పేస్తే ఆట చెడుతుంది, అందరి చేతా ధర కాగితం మీద రాయించాకే మూత తీయాలి.