విల్లో కొమ్మలు చిగురేసి వాడిపోతున్నాయి, ఏం చేయాలి?

మొయినాబాద్ దగ్గర మాకు పదిహేను గుంటల ఎర్ర చల్క ఉంది. హిమాచల్‌లో ఉద్యోగం చేసే మా బావ ఫిబ్రవరిలో వస్తూ విల్లో కొమ్మలు ఒక కట్ట తెచ్చాడు. పెన్సిల్ లావు, జానెడు పొడవు. ఎనభై నాటాను. పదిహేను రోజుల్లో అన్నీ చిగురేశాయి, ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాను కూడా. ఇప్పుడు ఏప్రిల్ చివర, సగానికి పైగా ఆకులు అంచుల నుంచి ఎండిపోతున్నాయి. రోజూ పది నిమిషాలు డ్రిప్ వదులుతున్నా. యూరియా వేయాలా? క్రికెట్ బ్యాట్లు చేసే కట్టె కదా, టెన్షన్‌గా ఉంది.

చేవెళ్ల తోటమాలి: యూరియా జోలికి పోకండి. చిగురొస్తే బతికినట్టు కాదు. కొమ్మ తనలో దాచుకున్న సత్తువతోనే ముందు ఆకులేస్తుంది. ఎండ ముదిరేలోపు సరిపడా వేర్లు రాకపోతే ఇదిగో, ఇలాగే వాడుతుంది. ఒక కొమ్మ పక్కన మట్టి మెల్లగా తీసి చూడండి, పీకొద్దు, లేత వేరు తెగుతుంది. కొమ్మ ఎంత లోతులో ఉంది? చుట్టూ గడ్డి ఉందా?

ప్రశ్న అడిగినవారు: సగం మట్టిలో, సగం పైన. డ్రిప్ పొడుగునా గరికా తుంగా మోకాలెత్తు ఉన్నాయి. నీడ ఇస్తాయని వదిలేశానండి.

చేవెళ్ల తోటమాలి: అయ్యో, మీ నీళ్లన్నీ ఆ తుంగే తాగేస్తోంది! బ్రిటన్, స్వీడన్‌లలో ఇంధనం కోసం 20 సెంటీమీటర్ల ముక్కలను హెక్టారుకు సుమారు 15,000 నాటుతారు. అంత చల్లటి దేశాల్లోనూ మొదటి ఏడాది కలుపును వదిలేస్తే పంట లేవదు. మొక్క చుట్టూ మీటరు మేర చేత్తో తీయండి, దగ్గరికి పార పోనివ్వకండి. ఆ మీద వరిగడ్డి బెత్తెడు మందం పరవండి, కాండానికి మాత్రం తగలకూడదు, చెదలు ఎక్కుతాయి. పది నిమిషాల డ్రిప్ పైమట్టినే తడుపుతుంది. బాగా లోపలికి దిగేలా ఒక్కసారే వదిలి, వేలు పెట్టి చూసి మళ్లీ ఇవ్వండి. ఈసారి నాటితే ఒకటి రెండు మొగ్గలే పైన ఉంచండి.

ఇంకో మాట. ఆ దేశాల ఇంధన తోటల్లో తొలి శీతాకాలంలో మొదట్లోకి నరికేస్తారు, గుబురుగా పిలకలు రావాలని. మీకు బ్యాట్ కావాలంటే ఆ పని చేయొద్దు. ఒకే కాండం ఉంచి, పక్క మొగ్గల్ని మెత్తగా ఉన్నప్పుడే బొటనవేలితో తుడిచేయాలి. ముదిరాక కోస్తే కట్టెలో ముడి మిగులుతుంది.

షాద్‌నగర్ రైతు: అన్నా, నేను కొంచెం చేదుగా చెప్తా. అది చలి ప్రాంతపు చెట్టు, తడి నేల దాని ఇల్లు. బ్యాట్‌కు పనికొచ్చే లావు రావాలంటే అక్కడే పదిహేనేళ్ల మాట, మన మే నెల ఎండలో లెక్క కట్టలేం. కట్టె కోసమే అయితే మలబార్ వేప చూడండి, ప్లైవుడ్‌కు పోతుంది. నీళ్లు నిలిచే చోట మాత్రం వద్దు. విల్లో సరదాకి నాలుగు, బోరు తొట్టి పక్కన.

ప్రశ్న అడిగినవారు: పొద్దున పది కొమ్మల దగ్గర తవ్వి చూశాను. నాలుగింటికి తెల్లటి వేర్లున్నాయి. మూడు ఒట్టివి. మిగతా మూడింటికి మొగ్గల మొనలు నేలవైపు చూస్తున్నాయి, తలకిందులుగా గుచ్చానన్నమాట. కట్ట విప్పేటప్పుడు పైకొసకు గుర్తు పెట్టుకోమని బావ చెప్పాడు. ఆయన ఈ గ్రూపులో లేడు, మీరెవరూ చెప్పకండి.