నాన్నగారి డిమెన్షియా మందులు ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయేమో, సలహా ఇవ్వగలరు

మల్కాజిగిరిలో మాతో ఉంటున్న మా నాన్నగారికి అల్జీమర్స్ (జ్ఞాపకశక్తి క్రమంగా క్షీణించే డిమెన్షియా జబ్బు) ఉంది. న్యూరాలజిస్టు సూచన మేరకు డొనెపెజిల్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఇప్పుడు 10 వేస్తున్నాము. మాటిమాటికీ మూత్రానికి వెళ్తున్నారని మరొక డాక్టరుగారు ఆక్సీబ్యుటినిన్ రాశారు. డొనెపెజిల్ మెదడులో జ్ఞాపకశక్తికి తోడ్పడే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగ్గిపోకుండా చూస్తుంటే, ఆక్సీబ్యుటినిన్ ఆ ఎసిటైల్‌కోలిన్ పనికే అడ్డుపడుతుంది కనుక రెండింటినీ కలిపి వాడటం నాకు సబబుగా తోచడం లేదు. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమైన్‌దీ ఇదే తీరు కాబట్టి వాటిని ఇంట్లో ఉంచడం లేదు.

అంతకంటే కలవరపెడుతున్నది సాయంత్రం వేళ. పొద్దు వాలేసరికి "మా ఇంటికి పోతాను" అంటూ చెప్పులు వేసుకుని గేటు గొళ్లెం లాగుతుంటారు. దీనికి క్వెటియాపిన్ అనే యాంటీసైకోటిక్ (తీవ్ర మానసిక కలవరానికి వాడే) మందు రాశారు కానీ, డిమెన్షియా ఉన్న వృద్ధులలో ఇటువంటి మందులు మరణ ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించినందున ఇంకా మొదలుపెట్టలేదు.

మీ పెద్దవారికి క్వెటియాపిన్ వాడి ఉంటే, ఎంత మోతాదుతో మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపమన్నారు, నాడి నెమ్మదించడం, తూలి పడటం వంటివి ఎలా కనిపెట్టుకున్నారు? ఇద్దరు డాక్టర్ల చీటీలనూ కలిపి పరిశీలించే వృద్ధుల వైద్య నిపుణులు హైదరాబాదులో ఎక్కడ ఉన్నారో తెలిసినవారు దయచేసి చెప్పండి.