చెట్లు కొట్టకుండా అచ్చంపేట వైపు కోకో వేయొచ్చా?

మాది అమ్రాబాద్ అడవి అంచున పట్టా భూమి, ఒకటే బోరు. పొలంలో ఇప్ప, మద్ది చెట్లు పెద్దవే ఉన్నాయి. అవి తీసేసి ఆయిల్ పామ్ పెట్టి, మధ్యలో కోకో వేయమని ఒకాయన వెంటపడుతున్నాడు. కోకోకు నీడ కావాలి కదా, ఉన్న నీడ కొట్టేసి కొత్త నీడ పెంచడమేంటో! పైగా 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి నరికిన భూమిలో పండిన కోకో తమకొద్దని యూరప్ 2023లో చట్టం చేసింది.

అసలు టెన్షన్ నీళ్లది. కోకోకు ఏటా 1250 మిల్లీమీటర్ల వానైనా ఉండాలంటారు, మా దగ్గర అందులో సగం పడితే గొప్ప. ఇప్పేమో సరిగ్గా ఎండలు ముదిరేటప్పుడు ఆకు రాలుస్తుంది. గోదావరి జిల్లాల్లో కొబ్బరి కింద కోకో వేసిన అన్నలు చెప్పండి: ఏప్రిల్, మే నెలల్లో డ్రిప్‌తో మొక్కకు రోజుకు ఎన్ని లీటర్లు ఇస్తున్నారు? ఆ రెండు నెలల నీడకు అరటి సరిపోతుందా?