పాత వీహెచ్ఎస్ టేపులకి క్యామ్‌కార్డర్ పాస్‌త్రూ బెస్టా, యూఎస్‌బీ స్టిక్ చాలా?

పెళ్లిక్యాసెట్:
అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ కంప్యూటర్లోకి ఎక్కిద్దామని చూస్తున్నా. మా బావ డల్లాస్ నుంచి వాళ్ల పాత డిజిటల్8 హ్యాండీక్యామ్ (సోనీ క్యామ్‌కార్డర్) తెచ్చిచ్చాడు. వీసీఆర్ వైరు దానికి పెట్టి, దాన్లోంచి ఫైర్‌వైర్‌తో (పాత డిజిటల్ వీడియో కేబుల్) ల్యాప్‌టాప్‌కి ఇస్తే, అదే పాస్‌త్రూ కదా, రంగు లేదు, బొమ్మ పైకి దొర్లిపోతోంది. అదే వీసీఆర్ టీవీకి పెడితే శుభ్రంగా వస్తోంది. వీసీఆర్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి కలిపే యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ కొనేస్తే గొడవ వదులుతుందని ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా?

రీల్‌పిచ్చి:
టేపుదీ కాదు వీసీఆర్‌దీ కాదు తమ్ముడూ. అమెరికా కెమెరా అంటే ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతి, బొమ్మకి 525 లైన్లు. మన పెళ్లి టేపులు పాల్ పద్ధతి, 625 లైన్లు. మెనూ ఎంత తిప్పినా ఆ కెమెరాకి ఈ సిగ్నల్ ఎక్కదు. సెకండ్ హ్యాండ్‌లో పాల్ మోడల్ చూడు, సోనీ అయితే నంబర్ చివర ఈ అని ఉంటుంది. డబ్బులిచ్చే ముందు మెనూలో 'ఏ/వీ టు డీవీ అవుట్' (వీసీఆర్ సిగ్నల్ని డీవీ అనే డిజిటల్ వీడియోగా మార్చి ఇచ్చేది) ఉందో లేదో చూసుకో, యూరప్‌లో అమ్మినవాటిల్లో చాలావాటికి కస్టమ్స్ పన్ను గొడవ వల్ల బయటి సిగ్నల్ తీసుకునే దారే మూసేశారు.

లాస్‌లెస్:
ఈ రోజుల్లో ఫైర్‌వైర్ ఎవరింట్లో ఉందండీ? మాక్‌ఓఎస్ 26లో యాపిల్ కూడా తీసేసింది. పైగా పాల్ డీవీ అంటే 4:2:0, అంటే నిలువునా రంగు వివరం సగమే ఉంచుతుంది, ఎర్ర పట్టుచీర అంచు ముద్దైపోతుంది. కాస్త మంచి క్యాప్చర్ కార్డు కొని 4:2:2 (నిలువునా రంగు తగ్గించనిది) లాస్‌లెస్‌లో, అంటే కుదించేటప్పుడు ఏమీ పోకుండా, పట్టుకోవడమే సరైన పని, ఒకసారే చేసే పని కదా.

రీల్‌పిచ్చి:
మంచి కార్డు అంటే ఒప్పుకుంటా, కానీ అతను అడుగుతున్నది చీప్ స్టిక్ గురించి. చీర అంచు ముద్ద టేపులోనే ఉంది సార్, వీహెచ్ఎస్‌లో రంగు వివరం అడ్డంగా 40 లైన్లకి మించి ఉండదు, నిలువునా చూస్తే పాల్ డీకోడర్లే పక్కపక్క లైన్ల రంగుని కలిపి సగటు చేస్తాయి, ఇక డీవీ కొత్తగా పోగొట్టేది ఎంత? అసలు నష్టం ఫ్రేములు పోవడం. పెళ్లి వీడియోలో కెమెరామన్ ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతి అతుకు దగ్గరా సింక్ (బొమ్మని నిలకడగా ఉంచే సిగ్నల్) ఎగిరిపోతుంది, చీప్ స్టిక్ అక్కడ ఫ్రేములు వదిలేస్తుంది, ఆడియో మాత్రం ఆగదు. చివరికొచ్చేసరికి తాళి కట్టడం అయిపోయాక గట్టిమేళం వినిపిస్తుంది. ఆ ఒక్క నిమిషం కోసమే కదా ఇంత తాపత్రయం! క్యామ్‌కార్డర్‌లో బొమ్మా శబ్దం ఒకే స్ట్రీమ్‌లో కలిసి వస్తాయి కాబట్టి ఒకదాన్నుంచి ఒకటి పక్కకి జరగవు.

పెళ్లిక్యాసెట్:
పాల్ కెమెరా దొరికితే ఇంకేం చూసుకోవాలి అన్నా?

రీల్‌పిచ్చి:
లోపల క్యాసెట్ తీసెయ్, ఉంటే కాసేపటికి తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీ వద్దు, అడాప్టర్ మీదే నడుపు. ఆడియో 16 బిట్‌లో పెట్టు. యూఎస్‌బీ వైరు పెట్టకు, అందులో అసలు డీవీ రాదు, ఫైర్‌వైరే. గంటకి 13 జీబీ అవుతుంది. బొమ్మ అడుగున వణికే గీత కనిపిస్తే కంగారు పడకు, అది వీసీఆర్ హెడ్ (టేపు చదివే భాగం) మారే చోటు, టీవీ దాన్ని అంచు కింద దాచేస్తుంది అంతే.

లాస్‌లెస్:
స్టిక్ విషయంలో మీతోనే ఉన్నా. కానీ టేపు మీద మచ్చలూ నాయిస్ ఎక్కువున్నచోట డీవీ గళ్లు గళ్లుగా విరుగుతుంది, అది మాత్రం నేను ఒప్పుకోను. తమ్ముడూ, ముందు క్యాసెట్ కిటికీలోంచి రీలు చూడు, తెల్లగా బూజు కనిపిస్తే వీసీఆర్‌లో అస్సలు పెట్టొద్దు, హెడ్ పాడై దాని తర్వాత పెట్టే టేపులన్నిటికీ అంటుతుంది.