పాత తెలుగు పుస్తకాల్లో మాటలకి అర్థాలు ఏ ఫ్రీ సైట్‌లో దొరుకుతాయి?

చదువరి:
నమస్తే అండి. ఈమధ్య పాత కథలు, వ్యాసాలు చదువుతున్నా, పేజీకి నాలుగైదు మాటలైనా అర్థం కావట్లేదు. ట్రాన్స్‌లేట్ యాప్‌లో పెడితే ఆ మాటనే ఇంగ్లీష్ అక్షరాల్లో తిప్పి ఇస్తోంది, లేదంటే సంబంధం లేనిదేదో చెప్తోంది. ఆన్‌లైన్ నిఘంటువుల్లో కొడితే చాలావాటికి ఫలితాలు లేవనే వస్తోంది. ‘అరుదెంచెను’, ‘వగచి’, ‘సనియె’ ఇలాంటివి ఎక్కడ వెతకాలి? డబ్బు కట్టక్కర్లేనివి చెప్పండి, ఇంగ్లీష్ నుంచి తెలుగుకి కూడా ఏదైనా ఉంటే ఇంకా మంచిది.

పాతపుస్తకం:
ఆంధ్రభారతి సైట్‌లో నిఘంటుశోధన చూడండి. ఒక్క పెట్టెలో మాట కొడితే బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, ఇలా చాలావాటిలో ఉన్న అర్థాలన్నీ ఒకేచోట వచ్చేస్తాయి, నిజంగా గొప్ప పని చేశారు వాళ్ళు.

కాకపోతే పుస్తకంలో ఉన్న రూపం ఉన్నట్టు కొడితే దొరకదండి. క్రియ అయితే చివర ఉకారం వచ్చే రూపానికి తేవాలి, అరుదెంచెను కాదు అరుదెంచు, వగచి కాదు వగచు. నామవాచకం సున్నాతో ఉంటే ‘ము’ పెట్టి చూడండి, పుస్తకం బదులు పుస్తకము. పాత నిఘంటువుల్లో చెరువు, గుర్రం లాంటివి బండి ఱ తో చెఱువు, గుఱ్ఱము అని ఉంటాయి, ఒకటి రాకపోతే ఇంకోటి ట్రై చేయండి. సంధి ఉంటే విడదీయాలి, ‘రాజిట్లనియె’ అంటే రాజు, ఇట్లు, అనియె, అందులో వెతకాల్సింది ‘అను’.

మీ ‘సనియె’ దగ్గర ఉన్నది గసడదవాదేశం, అంటే ముందు మాట పక్కన క చ ట త ప లు గ స డ ద వ లుగా మారడం, స్కూల్లో చదివే ఉంటారు. ‘వాడు చనియె’ అన్నది ‘వాడు సనియె’ అవుతుంది, అంటే నిఘంటువులో ‘చను’ దగ్గర చూడాలి, వెళ్ళు అని అర్థం. అలాగే గ తో మొదలైన మాట దొరక్కపోతే క తో, ద అయితే త తో, వ అయితే ప తో చూడండి. పాతవి చదివేవాళ్ళకి ఇదొక్కటి తెలిస్తే సగం ఇబ్బంది పోతుంది.

అర్థంకోశం:
పైన చెప్పింది కరెక్ట్. వాడుక మాటలకైతే గ్విన్ తెలుగు–ఇంగ్లీష్ నిఘంటువు నాకు బాగా నచ్చుతుంది, 1991లో వచ్చింది, షికాగో యూనివర్సిటీ వాళ్ళ దక్షిణాసియా డిజిటల్ నిఘంటువుల్లో ఫ్రీగా వెతుక్కోవచ్చు. బ్రౌన్‌ది 1850ల నాటిది కాబట్టి పాత పుస్తకాలకి బంగారం, కానీ అందులో ఉన్న మాట తీసి ఈరోజు మెయిల్‌లో రాస్తే ఎబ్బెట్టుగా ఉండొచ్చు. విక్షనరీ కూడా ఉంది, ఎవరైనా మార్చచ్చు కాబట్టి ఇంకోచోట సరిచూసుకోండి.

ఇంగ్లీష్ నుంచి తెలుగుకి వెళ్ళేటప్పుడు మొదట కనిపించిన అర్థం పట్టుకుని వచ్చేయకండి. ‘ఛార్జ్’ అని వెతికితే రుసుము, అభియోగం, బాధ్యత అన్నీ వస్తాయి, మీ వాక్యంలో ఏది కుదురుతుందో యాప్‌కి తెలియదు. దొరికిన తెలుగు మాటని మళ్ళీ తెలుగు–ఇంగ్లీష్‌లో వెనక్కి వెతికి చూస్తే తేడా తెలిసిపోతుంది.

చదువరి:
చాలా థాంక్స్ అండి, అరుదెంచు దొరికింది, వచ్చు అని అర్థం! వగచు కూడా వచ్చింది. ల్యాప్‌టాప్‌లో ఱ ఎలా కొట్టాలి?

పాతపుస్తకం:
ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్ అమరిక) అయితే షిఫ్ట్ పట్టుకుని జె నొక్కండి. రాకపోతే నేను పైన రాసిన చెఱువులోంచి కాపీ చేసుకోండి.