ట్యాబ్‌లో కన్సెంట్ తీసుకోవచ్చా? మన తిరుపతి, చిత్తూరు పేషెంట్లకి ఏది మేలు?

టీపీటీ_కోఆర్డినేటర్
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక ఆస్పత్రి రీసెర్చ్ యూనిట్‌లో స్టడీ కోఆర్డినేటర్‌గా చేస్తా ఉన్నా. ఆస్పత్రి పేరు చెప్పను, అడగొద్దండి. షుగర్ వాళ్ళ కాలిపుండ్ల మీద ఒక స్టడీ మొదలుపెట్టబోతా ఉన్నాం. కొత్త మందేం కాదు, ఇప్పటికే వాడతా ఉన్న రెండు రకాల డ్రెస్సింగుల్లో ఏది తొందరగా మాన్పుతుందో చూసేది. ఈసారి కన్సెంట్ ఫారం, అంటే స్టడీలో చేరడానికి ఇష్టమేనని పేషెంటు సంతకం పెట్టే ఫారం, కాయితం కాకుండా ట్యాబ్‌లో పెడదామని మా సార్ అంటా ఉన్నారు. రెడ్‌క్యాప్ అనే రీసెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తాం, పేషెంటు తెలుగులో ఆడియో వింటారు, పేజీలు చూస్తారు, చివర్లో స్క్రీన్ మీద వేలితో సంతకం పెడితే పీడీఎఫ్ తయారవుతుంది. స్టడీకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి పంపే ముందు మన జిల్లాల వాళ్ళ మాట వినాలని ఇక్కడ అడుగుతున్నా.

నేను ట్యాబ్ వైపే. పోయిన స్టడీలో ఫారం వెర్షన్ 2 నుంచి 3కి మారింది, బీరువాలో పాత కాపీలు మిగిలిపోయినాయి, చూసుకోకుండా 11 మంది చేత పాతదాని మీదే సంతకాలు పెట్టించేసినాం. మళ్ళీ అందరికీ ఫోన్లు చేసి పిలిపించి కొత్తదాని మీద పెట్టించుకునేసరికి ప్రాణం పోయింది, ఒకాయన కోసమైతే కుప్పం దాకా పల్లెవెలుగు బస్సులో నేనే పోయినా. ట్యాబ్‌లో పాత వెర్షన్ తీసేస్తే ఇంక కనపడదు. తేదీ, టైము దానంతట అదే పడుతుంది, పేషెంటు మర్చిపోయిన తేదీ మనం రాసే తప్పుపని ఉండదు.

చంద్రగిరి99
ట్యాబే పెట్టండి మేడం. 14 పేజీల కాయితం ఎవరు చదువుతారు.

పీలేరు_రైతుబిడ్డ
నేను ఒప్పుకోను. మా అమ్మ సంగతి చెప్తా వినండి. మూడేండ్ల కిందట వేరే ఊర్లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించినాం, ఆస్పత్రి పేరు నేను కూడా చెప్పను. ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకోనొచ్చి "ఇక్కడ వేలితో గీయండమ్మా" అనింది, మా అమ్మ గీసింది. నేను మందులకి కిందికి పోయున్నా. మా అమ్మ అది ఆరోగ్యశ్రీకనే అనుకునింది. రెండు నెలలకి ఫోను, "మూడో విజిట్‌కి రావాలి, స్టడీలో ఉన్నారు కదా" అని. ఏ స్టడీ? ఎవరిది? ఇంట్లో ఒక్క కాయితం ముక్క లేదు. నేను పోయి అడిగితే సిస్టంలో ఉంది సార్ అన్నారు. సిస్టంలో ఉంటే మాకేం లాభం?

మన ఊర్లలో వేలు పెట్టమంటే పింఛనో రేషనో అనుకుంటారు అక్కా. ఒకటో తారీఖున పింఛనుకి వేలు, బియ్యానికి వేలు, పంట నమోదుకి వేలు. పెట్టకపోతే రాదు అని అలవాటైపోయిన వేలు అది. ఆ వేలు పట్టుకొని ఇష్టపడే ఒప్పుకున్నారు అంటే ఎట్ట?

టీపీటీ_కోఆర్డినేటర్
అన్నా మీ అమ్మకి జరిగింది తప్పే, చాలా తప్పు. కానీ అది ఆ అమ్మాయి తప్పు, ట్యాబ్ తప్పు కాదు. కాయితం ఇచ్చి ఇక్కడ సంతకం పెట్టమన్నా మీ అమ్మ పెట్టుండేది.

చిత్తూరు_కోడర్
అన్నిటికంటే ముందు ఒకటి తేల్చండి. స్క్రీన్ మీద వేలితో గీసింది సంతకం కాదు, బొమ్మ. ఎవరైనా గీయొచ్చు. ఆధార్ ఈసైన్ ఉంది కదా, ఓటీపీ కొడితే ఐటీ చట్టం 2000 కింద చెల్లే సంతకం పడుతుంది. అది పెట్టుకోకుండా రేపు ఎవరైనా నేను పెట్టలేదు అంటే ఏం చూపిస్తారు?

లీలామహల్_సర్కిల్
మా మామ ఆధార్‌కి ఉన్న నంబరు బెంగుళూరులో ఉన్న కొడుకుది. ఓటీపీ అక్కడికి పోతుంది. అప్పుడు ఒప్పుకున్నది మామా, కొడుకా?

చిత్తూరు_కోడర్
నంబరు మార్పించుకోవాలి. అది ఆస్పత్రి సమస్య కాదు.

నగరి_నుంచి
నంబర్ల సంగతి తర్వాత. నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చేవాళ్ళలో తమిళం తప్ప రానివాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఆడియో ఉందా?

ఫార్మకాలజీ_పాఠం
నేను మెడికల్ కాలేజీలో చెప్తాను, ఎథిక్స్ కమిటీల్లో కూర్చున్నాను. కొన్ని విషయాలు స్పష్టంగా పెట్టుకుందాం. 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ కొత్త మందుల ట్రయల్స్‌కి. ఈ అమ్మాయి చెప్పిన డ్రెస్సింగ్ స్టడీ దాని కిందికి రాదు అనుకున్నా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ తప్పవు. వాటిలో ఎలక్ట్రానిక్ కన్సెంట్‌కి చోటు ఉంది, కానీ స్క్రీన్ మీద కనపడేదీ, వినపడేదీ అంతా కమిటీ ముందే చూసి ఒప్పుకోవాలి. ఆడియోలో ఒక వాక్యం మార్చినా మళ్ళీ కమిటీకి రావాలి. చదవడం రానివాళ్ళ దగ్గర మొదటి నుంచి చివరిదాకా సాక్షి ఉండాలి, ఆ సాక్షి స్టడీ టీమ్ మనిషి కాకూడదు. ట్యాబ్ వచ్చిందని సాక్షి పోడు. సంతకమయ్యాక ఒక కాపీ పేషెంటు చేతికి ఇవ్వాలి. పీలేరు ఆయన చెప్పిన చోట ఇవేవీ జరిగినట్టు లేదు.

కొత్త రసాయనంతో చేసే ట్రయల్స్‌లో అయితే నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్ళకి చెప్పేది మొత్తం ఆడియో వీడియో రికార్డు చేయాలని 2019 రూల్స్‌లోనే ఉంది. ఒక్క సంతకంతో పని కాదని ప్రభుత్వానికీ అర్థమైంది కాబట్టే అది పెట్టారు.

పీలేరు_రైతుబిడ్డ
రూల్స్ ఉంటే చాలా సార్? 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు జరిగింది, మన ఉమ్మడి రాష్ట్రంలోనే. అమ్మానాన్న పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టినారు, ఒకటీ రెండూ కాదు, రెండు వేల పైన ఫారాలు. 2010లో ఆపించినారు, 2013లో పార్లమెంటు కమిటీ తిట్టి రిపోర్టు రాసింది. అప్పుడు మాత్రం రూల్స్ లేవా?

టీపీటీ_కోఆర్డినేటర్
అన్నా ఖమ్మంలో పెట్టించింది కాయితం మీదే! మీరు నా మాటకే బలం ఇస్తా ఉన్నారు. ట్యాబ్ అయితే ఒకే చోట నుంచి, ఒకే గంటలో ఒకే మనిషి వంద ఫారాలు పెట్టేస్తే లాగ్‌లో, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేసినారో సిస్టం రాసుకునే లెక్కలో, దొరికిపోతాడు.

నగరి వాళ్ళకి, తమిళం ఇంకా రికార్డు చేయలేదండి, చేయాల్సిందే. తెలుగు ఆడియో కోసం నేనెంత కష్టపడినానో చెప్తా. కాయితంలో మాకి అనువాదం చేసి ఇచ్చినవాళ్ళు "మీరు యాదృచ్ఛికంగా ఒక సమూహానికి కేటాయించబడతారు" అని రాసినారు. ఎవరికర్థమవుతుంది అది? నేను ఆడియోలో "మీకు ఏ కట్టు కట్టాలో డాక్టరు ఎంచుకోరు, మీరూ ఎంచుకోరు, చీటీ ఎత్తినట్టు కంప్యూటరు చెప్తుంది" అని పెట్టినా. వార్డులో ఆయమ్మకి వినిపిస్తే ఒక్కసారికే అర్థమైంది. కాయితం ఈ పని చేస్తుందా?

నగరి_నుంచి
చీటీ మాట బాగుంది. తమిళంలో కూడా అట్టే పెట్టండి, మా ఆవిడ చదివి పెడుతుంది కావాలంటే.

చిత్తూరు_కోడర్
మళ్ళీ చెప్తున్నా, సంతకం ఎవరిదో తేలకుండా ఆడియో ఎంత బాగుంటే ఏం? ఈసైన్ వద్దంటే కనీసం వేలిముద్ర మెషీన్ అయినా పెట్టండి.

లీలామహల్_సర్కిల్
చింతపండు కొట్టి, కలుపు తీసి వేళ్ళు అరిగిపోయి రేషన్ షాపులోనే మెషీన్ తీసుకోదు మా అవ్వకి. ఇక్కడ తీసుకుంటుందా?

పీలేరు_రైతుబిడ్డ
కోడర్ అన్నా, సంతకం ఎవరిదని మేము అడగడంలా. మా అమ్మ వేలు మా అమ్మదే. అక్కా, లాగ్‌లో అన్నీ దొరుకుతాయన్నావు కదా. ఎవరు ఏ పేజీలో ఎంతసేపు ఉన్నారో కూడా తెలుస్తుందా?

టీపీటీ_కోఆర్డినేటర్
తెలిసేటట్టు పెట్టుకున్నాం అన్నా, అది కూడా మేలే కదా. ప్రాక్టీసుకి ఓపీలో 20 మందికి చూపించి టైము చూసినాం.

పీలేరు_రైతుబిడ్డ
ఆడియో ఎంతసేపు? వాళ్ళు ఎంతసేపట్లో సంతకం దాకా వచ్చినారు? నిజం చెప్పక్కా.

టీపీటీ_కోఆర్డినేటర్
ఆడియో 11 నిమిషాలు. ఎక్కువమంది 4, 5 నిమిషాల్లో అయిపోయింది. ముందుకి నొక్కేసినారు.

పీలేరు_రైతుబిడ్డ
చూసినారా. నొక్కింది వాళ్ళా, పక్కన నిలబడినోళ్ళా?

టీపీటీ_కోఆర్డినేటర్
కొన్నిసార్లు మేమే నొక్కినాం, వాళ్ళకి నొక్కడం రాక. అయితే ఏం? ఓపీలో బయట 80 మంది కూర్చోనుంటారు, ఒక్క కుర్చీ, ఒక్క ట్యాబ్, డాక్టరు ఎప్పుడు లేచిపోతారో తెలీదు. మీరు ఇంట్లో కూర్చొని ఫోనులో రాసేస్తున్నారు అన్నా, నేను పొద్దున 8కి పోతే మధ్యాహ్నం అన్నానికి మూడవుతుంది. నెలకి ఇంతమందిని చేర్చాలని లెక్క ఉంటుంది, చేర్చకపోతే స్టడీ ఆగిపోతుంది, ఆగితే నా ఉద్యోగం కూడా ఆగుతుంది, అది ప్రాజెక్టు ఉద్యోగం. కాయితం ఇచ్చి ఇంటికి పంపిస్తే సగం మంది మళ్ళీ రారు. నాకు తెలుసు, నేను చూసినా.

పీలేరు_రైతుబిడ్డ
అదే అక్కా! ఇప్పుడు చెప్పినావు అసలు మాట. ఇంటికి పోతే రారు. ఎందుకు రారు? రాత్రి కోడలు చదివి చెప్తుంది, తొమ్మిదో తరగతి మనవడు చదివి చెప్తాడు, పక్కింటాయన నీకెందుకు మామా ఇదంతా అంటాడు. వద్దనుకుంటారు. అట్ట వద్దనుకునే హక్కు ఇవ్వాలనే కదా ఆ ఫారం ఉండేది? కాయితం సంచిలో పడి ఇంటికి పోతుంది, ఎక్స్‌రే కవర్‌తో పాటు ఒక రాత్రి ఇంట్లో ఉంటుంది. నీ ట్యాబ్ ఆస్పత్రి దాటదు. నాకు ట్యాబ్ మీద కోపం లేదు. మా అమ్మ ఆ రాత్రి నన్ను అడగడానికి వీల్లేకుండా పోయిందనే నా బాధ అంతా.

చంద్రగిరి99
రాత్రంతా ఇంట్లో పెట్టుకుంటే వాట్సాప్‌లో ఎవడో ఏదో పంపిస్తాడు, భయపడి మానేస్తారు. అది కూడా హక్కేనా?

పీలేరు_రైతుబిడ్డ
అవును, అది కూడా హక్కే. భయపడినోణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాల, భయపడే టైము లేకుండా చేయకూడదు.

టీపీటీ_కోఆర్డినేటర్
మనుషుల్ని మోసం చేస్తున్నట్టు మాట్లాడొద్దు అన్నా. ఈ స్టడీ బాగా జరిగితే రేపు కాళ్ళు తీసేయాల్సినవాళ్ళలో కొందరికి కాలు నిలుస్తుంది. మా నాన్నకి మోకాలి కింద తీసేసినారు, నేను ఈ పనిలోకి వచ్చిందే దానివల్ల. ఒక పేషెంటు తిరిగి రాకపోతే నాకు టార్గెట్ ఒక్కటే కాదు, ఆ పుండు కూడా కళ్ళ ముందు కనపడుతుంది.

ఫార్మకాలజీ_పాఠం
ఇద్దరూ కాస్త ఆగండి. అమ్మా, ఒకటి అడుగుతాను. పుండుకి కట్టు మార్చడానికి వాళ్ళు ఎన్నాళ్ళకోసారి వస్తారు?

టీపీటీ_కోఆర్డినేటర్
రెండు మూడు రోజులకోసారి సార్. చీము ఎక్కువుంటే రోజూ.

ఫార్మకాలజీ_పాఠం
అయితే స్టడీలో చేరినా చేరకపోయినా ఎలాగూ మళ్ళీ వస్తారు. మొదటి రోజు ఆడియో వినిపించు, కాయితం ప్రింట్ తీసి చేతికివ్వు, సంతకం అడగొద్దు. మామూలు కట్టు కట్టి పంపు. రెండో కట్టుకి వచ్చినప్పుడు అడుగు. వెర్షన్ తప్పు కాకుండా అప్పుడు ట్యాబ్‌లోనే సంతకం తీసుకో, దాని ప్రింట్ కూడా ఇవ్వు. గుండెపోటు స్టడీ అయితే ఇలా కుదరదు, కాలిపుండుకి కుదురుతుంది.

చిత్తూరు_కోడర్
ఆ సంతకం మాత్రం ఈసైన్ ఉండాలి అంటాను నేను.

టీపీటీ_కోఆర్డినేటర్
మొదటి కొలత, ఫోటో ఏ రోజు తీయాలో ప్రోటోకాల్‌లో (స్టడీ ఎట్ట చేయాలో రాసుకున్న ప్లాన్‌లో) మార్చాల్సి ఉంటుంది సార్, మా సార్ ఒప్పుకుంటారో లేదో. అడుగుతా. కొంతమంది అయితే తగ్గుతారు, అది నాకు తెలుసు.

పీలేరు అన్నా, కోపంలో అన్నా ఏమనుకోవద్దు. ఆడియోలో ఉండే మాటలు ఇక్కడ పెడుతున్నా, మీ అమ్మకి ఒకసారి చదివి వినిపిస్తావా? "అమ్మా, మీ కాలిపుండుకి రెండు రకాల కట్లలో ఏది తొందరగా మాన్పుతుందో మేము తెలుసుకోవాలనుకుంటున్నాం. ఏ కట్టు కట్టాలో చీటీ ఎత్తినట్టు కంప్యూటరు చెప్తుంది. మూడు నెలలు మేము చెప్పిన రోజుల్లో రావాలి. ప్రతిసారీ పుండు ఫోటో తీస్తాం, అందులో మీ మొహం ఉండదు."

పీలేరు_రైతుబిడ్డ
నేను కూడా ఎక్కువ మాట్లాడినా అక్కా. రాత్రి వినిపిస్తా.

నగరి_నుంచి
తమిళం మా ఆవిడ రికార్డు చేసేసింది, ఎక్కడికి పంపాలి?

పీలేరు_రైతుబిడ్డ
వినిపించినాక్కా. మా అమ్మకి షుగర్ ఉంది కాబట్టి శ్రద్ధగా వినింది. చీటీ మాట అర్థమైంది. ఫోటోకి ఏమీ అనలేదు. ఒకటే అడిగింది, "నేను వద్దంటే నాకు కట్టు కట్టడం మానేస్తారా?" అని.

టీపీటీ_కోఆర్డినేటర్
మానం అన్నా. ఎప్పటి మాదిరే కడతామని ఫారంలో ఉంది, 9వ పేజీలో. ఆడియోలో అయితే పదో నిమిషంలో వస్తుంది. రెండిట్లో మొదటికి తెస్తున్నా.